ముందు వరసలో మూసిన నోరు

కారా-బులుంగ్ అనే కొండలోయ ఊళ్ళో జనానికి చావంటే ఎంత భయమో, ఆ చావు దగ్గర సదిర్ వచ్చి ముందు వరసలో నిలబడతాడంటే అంతకు రెండింతలు భయం.

శవాన్ని ఉంచడానికి ఇంటి ముందు లేపిన ఉన్ని గుడారంలోంచి దాన్ని బయటికి తెచ్చి, మగవాళ్ళంతా నమాజుకు వరసలు కట్టాక, ముల్లా వెనక్కి తిరిగి ఒకే ఒక ప్రశ్న అడుగుతాడు: "పోయినవారు ఎలాంటి మనిషి?" "మంచి మనిషి" అని అందరూ ఒక్క గొంతుతో అనాలి. అంతకుమించి ఏమీ లేదు. తాగుబోతుకూ అంటారు, గొర్రెల దొంగకూ అంటారు, పెళ్ళాన్ని చావగొట్టినవాడికీ అంటారు. ఆ సాక్ష్యం విని పైవాడు కాస్త మెత్తబడతాడేమోనని ఒక ఆశ. చచ్చినవాడితో ఇంకా పేచీ ఏమిటని ఒక జాలి. రేపు మన వంతు రాకపోతుందా అని ఒక భయం కూడా ఉందనుకోండి.

సదిర్ మాత్రం అనడు. పోనీ అననివాడు వెనక వరసలో తల దించుకుని నిలబడవచ్చు కదా, అబ్బే! పొద్దున్నే టోపీ దులుపుకుని వచ్చి ముల్లా కళ్ళెదురుగా నిలబడి, పెదాలు బిగించి, గడ్డం పైకెత్తి కొండలకేసి చూస్తాడు. వరసంతా "మంచి మనిషి" అంటుంటే ఊరి కళ్ళన్నీ ఆ మూసిన నోటి మీదే ఉంటాయి. ఇన్నేళ్ళలో అతని నోట ఆ మాట వచ్చింది ఒక చెవిటి గొర్రెల కాపరికి, ఒక మంత్రసానికి, ఇంకో ఇద్దరు ముగ్గురికి. వాళ్ళ పిల్లలు ఆ సంగతి ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. మిగతా ఊరంతా సదిర్‌ని చూస్తే పళ్ళు నూరుతుంది.

పళ్ళు నూరినా అతని గడప తొక్కక తప్పదు. ఆ లోయలో గుర్రాలకు లాడాలు కొట్టేది అతనొక్కడే. మెడ పొట్టి, చేతులు మొరటు, నిప్పురవ్వలకు కాలి ముంజేతుల మీద వెంట్రుక మిగల్లేదు. మంచు కరిగి జనం మందలతో కొండ మీది పచ్చికలకు ఎక్కే ముందు అతని కొలిమి దగ్గర గుర్రాలు బారులు తీరతాయి. తిట్టుకుంటూ వచ్చి, తిట్టించుకుని వెళ్ళేవారు. లాడం మాత్రం ఊడేది కాదు.

ఈ రోగం అతనికి ఊరికే పట్టలేదు. ఊరి పొలాలూ మందలూ అన్నీ సర్కారు చేతిలో ఉన్న సామూహిక క్షేత్రాల కాలంలో ఆ క్షేత్రం అధ్యక్షుడు ఒక మహానుభావుడుండేవాడు. ఈనలేక చచ్చిన ఆడగుర్రానికి సదిర్ తండ్రిని బాధ్యుణ్ణి చేసి, పదిమందిలో కొరడాతో ముఖం మీద కొట్టాడు. ఆ దెబ్బ చెంప మీద తాడులా మిగిలిపోయింది. కొన్నేళ్ళకు ఆ అధ్యక్షుడు చచ్చాడు. ముల్లా అడిగాడు. వరసలన్నీ "మంచి మనిషి" అన్నాయి. అందరికంటే గట్టిగా అన్నది సదిర్ తండ్రి. అంటుంటే చెంప మీద ఆ మచ్చ పైకీ కిందికీ కదిలింది. పక్కనే నిలబడిన సదిర్ ఆ మచ్చనే చూస్తూ నోరు బిగించాడు. ఆ రోజు అతనికి చన్నీళ్ళతో ముఖం కడుక్కున్నట్టయింది. అది అబద్ధమని ఎవరనగలరు? అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. చిక్కేమిటంటే, రుచి మరిగాడు. మొదట కోపంతో మూసుకున్న నోరు తర్వాత గర్వంతో మూసుకుంది. ఊరందరి మంచీ చెడూ తూచే తక్కెడ తన పళ్ళ మధ్యే ఉందనుకున్నాడు. తన గుణం ఎంత బరువు తూగుతుందో చూసుకోవాలన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు. అబద్ధం చెప్పను గదా, ఇంకేం కావాలి అనుకునేవాడు.

ఇక మోంబెక్ సంగతి. ఊరి పచ్చికల పంపకం అతని చేతిలో ఉండేది. సదిర్ తాతల నాటి నుంచి ఎక్కుతున్న వాగు ఒడ్డు పచ్చికను లాక్కుని తన బావమరిదికి కట్టబెట్టాడు, సదిర్‌కి గడ్డి మొలవని రాళ్ళ వాలు పడేశాడు. అందరికీ తెలిసిన అన్యాయమే. పోయిన శరదృతువులో మోంబెక్ గుండె ఆగి పోయాడు. సదిర్ ఆ రోజు కొలిమి ఆర్పి, గడ్డం దువ్వుకుని మరీ బయల్దేరాడు.

ముల్లా ప్రశ్న అడిగాడు, వరసలు పలికాయి, సదిర్ కొండలకేసి చూశాడు. పక్కనున్న మామిర్ మోచేత్తో పొడిచాడు.

"అనవయ్యా. పోయినవాడు వింటాడు."

"మీరంతా అన్నారుగా," అన్నాడు సదిర్, గొంతు తగ్గించకుండానే. "నా వంతు అబద్ధం కూడా మీరే చెప్పేయండి."

తండ్రి శవం పక్కనే నిలబడి ఉన్న తోక్తార్ ఆ మాట విన్నాడు. వరసలో ఉన్నాడు కాబట్టి ఊరుకున్నాడు గానీ, శోకంలో ఆనుకోవడానికి పట్టుకున్న కర్ర చేతిలోనే విరిగింది.

సాయంత్రం సదిర్ ఇంటికొచ్చేసరికి పెళ్ళాం ఉల్కాన్‌కి కబురు ముందే చేరిపోయింది. ఉల్కాన్ లావుపాటి మనిషి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. నోటికి మాత్రం ఆయాసం లేదు.

"ఏం ముసలోడా, ఈ పూట కూడా ఘనకార్యం చేసొచ్చావట?"

"నిజం చెప్పి వచ్చా."

"నిజం! ఆ బాత్మాకి మొగుడు పోయి ఒక్క రోజు కాలేదు. దాని చెవిలో పొయ్యాల్సింది అదేనా? ఒక్క మాట. నోరు అరిగిపోతుందా?"

"నోరు అరగదు. నిజం అరుగుతుంది."

"నీ నిజం నీ కొలిమిలో పెట్టుకో," అంది ఉల్కాన్. "గుర్రానికి లాడం కొట్టేటప్పుడు మాంసంలోకి మేకు దిగకుండా చూసుకుంటావే. ఆ పాటి జాగ్రత్త మనుషుల దగ్గర లేదేం నీకు?"

"గుర్రాలు లంచాలు తినవే ముసలిదానా."

గురువారం వచ్చింది. పోయినవాళ్ళకు నూనె వాసన చేరాలని ఇంటింటా పిండి ముద్దలు వేయించే రోజది. ఉల్కాన్ బాణలి పెట్టి, ఇంట్లో తినే దానికంటే ఎక్కువే వేయించి, గిన్నెడు గుడ్డలో కట్టుకుని, శాలువా కప్పుకుంది.

"ఎక్కడికి?"

"బాత్మా ఇంటికి."

"వాళ్ళ గుమ్మం తొక్కడానికి సిగ్గులేదూ?"

"ఉంది. అందుకే వెళ్తున్నా," అని ఆయాసపడుతూ వెళ్ళిపోయింది. ఇలా వెళ్ళడం ఆమెకు కొత్త కాదు. సదిర్ నోరు మూసుకున్న ప్రతి ఇంటికీ ఆ తర్వాతి గురువారం ఆమె గిన్నె వెళ్ళేది. అక్కడ కూర్చుని ఏం మాట్లాడేదో సదిర్ ఏనాడూ అడగలేదు. ఆడవాళ్ళ ఏడుపులూ పిండి ముద్దలూ తనకెందుకు అనుకున్నాడు.

చలికాలం పోయి మంచు కరిగింది. కొలిమి దగ్గర గుర్రాలు బారులు తీరాయి. తోక్తార్ కూడా వచ్చాడు, తండ్రి ఎక్కిన నల్ల గుర్రాన్ని పట్టుకుని. ఇంకో దారి ఉంటే వచ్చేవాడు కాదని అతని ముఖమే చెబుతోంది.

"మా నాన్న గుర్రం. ఇది మంచి గుర్రమని ఒప్పుకుంటావా అకే, దీనిక్కూడా నీ నోరు పెగలదా?" పెద్దవాళ్ళను పిలిచే ఆ "అకే"లో మర్యాద ఏమీ లేదు.

సదిర్ డెక్క ఎత్తి చూశాడు. "గుర్రం మంచిదే. ఎక్కినవాడి సంగతి అది చెప్పలేదు."

వరసలో ఉన్నవాళ్ళెవరో నవ్వబోయి ఆపుకున్నారు. తోక్తార్ నవ్వలేదు. లాడం వేయడం అయ్యాక గుర్రమెక్కి, కళ్ళెం పట్టుకుని వంగాడు.

"నీ గుమ్మం ముందు కూడా ఎప్పుడో ఒకప్పుడు గుడారం లేస్తుంది. ఆ రోజు ముందు వరసలో నేనుంటా. నాతోపాటు ఈ లోయలో నీ నోటి దెబ్బ తిన్న ప్రతివాడూ ఉంటాడు. ముల్లా అడుగుతాడు. గాలి తప్ప ఏదీ పలకదు. చూసుకో."

"పలకొద్దు. నాకు మీ అబద్ధాలు అక్కర్లేదు," అన్నాడు సదిర్.

సదిర్ మనసులో గుడారమంటే తనదే. తన చావుకు తాను భయపడేవాడు కాదు. కానీ గోడ అవతల బట్టలు ఆరేస్తున్న ఉల్కాన్ ఆ మాటలన్నీ విని, బట్టలు అలాగే వదిలేసి వచ్చి పీట మీద కూలబడింది.

"నీ సంగతి సరేలే," అంది. "నేను ముందు పోతే?"

"నీకేం రోగం?"

"గాలి అందడం లేదు. నీకు నా ఊపిరి వినపడితేగా! ఇన్ని ఇళ్ళల్లో నోరు బిగించి వచ్చావే, రేపు నా దగ్గర నోరు తెరిచేవాడెవడు?"

"నేను చెబుతా."

"మొగుడి సాక్ష్యమా? భలే సాక్ష్యం!" అని నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. "అయినా చెప్పు. మర్చిపోకు."

జనం ఇంకా కొండెక్కకముందే ఆ దగ్గు ఆమెను తీసుకుపోయింది.

గుడారం లేచింది. కొడుకు జోల్దోష్, సదిర్ నడుముకు గుడ్డలు కట్టుకుని బయట కర్రల మీద వంగి నిలబడ్డారు. సదిర్ ఏడుస్తూనే వచ్చేవాళ్ళను లెక్కపెడుతున్నట్టు చూస్తున్నాడు. వచ్చేవాళ్ళు చాలామందే. దూరం నుంచే గొంతెత్తి ఏడుస్తూ వచ్చారు, గుర్రాలు దిగారు, జోల్దోష్‌ని కౌగిలించుకున్నారు. సదిర్ దగ్గరికొచ్చేసరికి చేతులు చల్లబడ్డాయి. తాకీ తాకనట్టు తాకి పక్కకి వెళ్ళిపోయారు. వాళ్ళు ఆమె కోసం వచ్చారో, తన మీద కసి తీర్చుకోవడానికి వచ్చారో అతనికి అర్థం కాలేదు.

జోల్దోష్ చెవిలో అన్నాడు: "నాన్నా, తోక్తార్ అందరితో మాట్లాడుతున్నాడు. నువ్వెళ్ళి ఒక్క మాట అడుగు. అమ్మ కోసం."

"ఏమని అడగను? మంచిదాన్ని మంచిదనండి అని బతిమాలాలా?"

"ఆ. బతిమాలాలి."

సదిర్ కదల్లేదు. బతిమాలడం తెలిస్తే కదా కదలడానికి.

శవాన్ని బయటికి తెచ్చారు. రంగుల ఉన్ని దుప్పటి కింద ఉల్కాన్ ఎత్తుగా కనిపించింది. మగవాళ్ళు వరసలు కట్టారు. ముందు వరసలో, సరిగ్గా ఎప్పుడూ సదిర్ నిలబడే చోట, తోక్తార్ నిలబడ్డాడు. అతనికి ఒక పక్క సదిర్, ఇంకో పక్క మామిర్. ఆ పక్కన ఉన్నవాళ్ళలో ఒక్కొక్కడికీ ఒక తండ్రో, ఒక అన్నో, సదిర్ నోట ఆ మాట దక్కకుండానే పోయినవాళ్ళున్నారు. ఇసాక్ ముల్లా గొంతు సవరించుకుని వెనక్కి తిరిగాడు.

"ఆగండి ముల్లాగారూ," అన్నాడు తోక్తార్. "మీరు అడిగే ముందు నేనొకటి అడగాలి. ఈయన్ని."

"ఇప్పుడు కాదు బాబూ, శవం ముందు."

"శవం ముందే అడగాలి. శవం సంగతే." తోక్తార్ సదిర్ వైపు తిరిగాడు. "మా నాన్న పోయిన తర్వాతి గురువారం నీ పెళ్ళాం మా ఇంటికొచ్చింది. మా అమ్మ చేతులు పట్టుకుని ఏం చెప్పిందో తెలుసా? 'మా ముసలోడికి పదిమందిలో నోరు రాదమ్మా, మొండి ఘటం. ఇంటికొచ్చాక పొయ్యి దగ్గర కూర్చుని, మోంబెక్ మంచి మనిషి, మోంబెక్ మంచి మనిషి అని ఏడ్చాడు. నా చెవులారా విన్నాను' అంది. అప్పటిదాకా మా అమ్మకు ముద్ద దిగలేదు. ఆ రోజు తింది. అప్పటినుంచీ ఇంట్లో మాకు అదే చెబుతోంది. చెప్పు. నువ్వు అన్నావా, లేదా?"

సదిర్ నోరు తెరుచుకుంది.

"మా అన్న పోయినప్పుడు కూడా అలాగే చెప్పిందే," అన్నాడు మామిర్ నెమ్మదిగా. "పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాడంది."

"మా నాన్న పోయినప్పుడూ," అన్నారు వెనక వరసలోంచి.

"మా అత్త పోయినప్పుడూ అంతే. అదే పొయ్యి."

వరసలు కదిలాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అన్నేళ్ళూ ఒక్కో ఇల్లూ ఆ మాటను తనకే దక్కిన రహస్యమనుకుని దాచుకుంది. సదిర్‌కి బాణలి గుర్తొచ్చింది, గుడ్డలో కట్టిన గిన్నె గుర్తొచ్చింది. ఆయాసపడుతూ ఈ లావు మనిషి అన్ని గుమ్మాలెక్కి, అతను చేసిన గాయాల మీద అతని పేరుతోనే మందు రాసి వచ్చిందన్నమాట. అతనికి ముందు కోపం వచ్చింది. తన నోట్లో తన మాట కానిది పెట్టింది! ఇన్నేళ్ళ తన నిజాన్ని ఇంటింటా అబద్ధం చేసింది! ఆ కోపంతోనే దుప్పటి వైపు చూశాడు. కోపం అక్కడే తడబడింది.

"చెప్పవేం?" తోక్తార్ గొంతు పెంచాడు. "అబద్ధమాడని సదిర్‌వి కదా నువ్వు! అనలేదంటే నీ పెళ్ళాం అబద్ధాలకోరు. ఏడుస్తున్న మా అమ్మని మోసం చేసింది. నీ లెక్క ప్రకారం అలాంటివాళ్ళకి ఆ మాట దక్కదు. మాకూ నోరు రాదు, నీ దగ్గరే నేర్చుకున్నాం. అన్నానంటావా, మేమందరం పలుకుతాం. నీ నోటితో తేల్చు."

ముల్లా నేలచూపులు చూస్తున్నాడు. గుడారంలో శోకాలు ఆగిపోయాయి. లోపలి ఆడవాళ్ళకూ అంతా వినిపిస్తోందన్నమాట. అక్కడే ఎక్కడో బాత్మా కూర్చుని ఉంది.

సదిర్‌కి మోంబెక్ ముఖం కనిపించింది, వాగు ఒడ్డు పచ్చిక కనిపించింది. ఎదురుగా తోక్తార్ ముఖంలో ఆ తండ్రి పోలికే, ఆ పొగరే. ఒళ్ళు మండింది. ఇంకెవరి కోసమైనా అయితే చచ్చినా అనేవాడు కాదు.

"అన్నాను," అన్నాడు.

"ఏమన్నావ్?"

"ఇప్పుడు నువ్వు చెప్పిందే."

"నేను చెప్పడం కాదు. నువ్వు చెప్పు. గట్టిగా. మా అమ్మ లోపలుంది."

సదిర్ కర్ర మీద రెండు చేతులూ ఆన్చాడు. "మోంబెక్," అని ఆగి, ఉమ్మి మింగి, కొలిమి దగ్గర అరిచే గొంతుతో అరిచాడు, "మోంబెక్ మంచి మనిషి! అన్నాను! పొయ్యి దగ్గర కూర్చుని అన్నాను! ఉల్కాన్ విన్నది!"

గుడారంలోంచి బాత్మా ఏడుపు ఒక్కసారిగా లేచింది.

"మా అన్నని?" అన్నాడు మామిర్. అతని గొంతులో జాలి ఏమీ లేదు. అప్పు వసూలు చేసుకుంటున్నవాడి గొంతు అది.

"నీ అన్న మంచి మనిషి."

"మా నాన్నని?"

"మంచి మనిషి."

ఒక్కొక్కడే అడిగాడు. ఎవడూ అతన్ని వదల్లేదు. గుర్రాన్ని కొట్టి చంపినవాడి కొడుకు అడిగాడు, కల్తీ పాలు అమ్మినవాడి తమ్ముడు అడిగాడు. సదిర్ అందరికీ చెప్పాడు. చెబుతుంటే అతని చెంప పైకీ కిందికీ కదిలింది. తండ్రి చెంప మీద మచ్చ అలాగే కదిలేదని గుర్తొచ్చింది. ఆ రోజు తన తండ్రి ఆ మాట ఎవరి కోసం అన్నాడో, పక్కన నిలబడ్డ కుర్రాడి నెత్తిన ఆ అధ్యక్షుడి బంధువుల కోపం పడకూడదనే అన్నాడేమో, అన్న ఆలోచన ఇన్నేళ్ళకు మొదటిసారి వచ్చింది. అడగడానికి తండ్రి లేడు. తండ్రి శవం దగ్గర తాను ఆ మాట అన్నాడో లేదో కూడా తనకు తాను చెప్పుకునే ధైర్యం అతనికి లేదు. అనలేదు.

అడిగేవాళ్ళు అయిపోయారు. ఇసాక్ ముల్లా నుదురు తుడుచుకుని, అందరివైపూ చూసి గొంతెత్తాడు.

"ఉల్కాన్ ఎలాంటి మనిషి?"

"మంచి మనిషి!"

లోయ అంచుదాకా వినపడేంత గట్టిగా అన్నారు. ఎవరూ వంతు తప్పలేదు. తోక్తార్ అన్నాడు, మామిర్ అన్నాడు, ఎప్పుడూ గొణిగే ముసలివాళ్ళు కూడా నోరారా అన్నారు. ముల్లా మళ్ళీ ముందుకు తిరగబోయాడు.

అప్పుడు సదిర్‌కి తెలిసింది, తాను అనలేదని.

ముల్లా ఆ ప్రశ్న అడగగానే, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ పెదాలు వాటంతట అవే బిగుసుకున్నాయి. గడ్డం దానంతట అదే పైకి లేచింది. చూపు కొండల మీదికి పోయింది. ఇంతమంది గురించి అబద్ధం అరిచిన నోరు, ఒక్క నిజం చెప్పాల్సిన చోట మూసుకుని కూర్చుంది. చెప్పు, మర్చిపోకు అన్నదే, పాపిష్టిది!

పళ్ళు విడదీయడానికి దవడ పట్టుకోవాల్సినంత పనైంది. అందరూ నిశ్శబ్దమైపోయి చేతులు ఎత్తబోతున్నారు.

"మంచి మనిషి," అన్నాడు సదిర్.

ఆ నిశ్శబ్దంలో ఒక్కడి గొంతు. కీచుగా, మధ్యలో విరిగి. వరసలన్నీ తలలు తిప్పి చూశాయి. ఎవరికైనా వినపడిందో లేదోనన్నట్టు అతను మళ్ళీ అన్నాడు, "మంచి మనిషి. మంచి మనిషి నా ముసలిది," అంటూనే ఉన్నాడు, ఆపడం చేతకాలేదు.

పక్కనున్న తోక్తార్ అతని మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ముఖంలో ఇంకా కరుకుతనం పోలేదు.

"విన్నాంలే అకే," అన్నాడు. "ఇక నోరు మూసుకో. నమాజు మొదలవుతోంది."